పద్దు తీరని ప్రయాణం

వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. మైకు కాస్త దూరంగా పెట్టుకుంటాను. నాకు గట్టిగా మాట్లాడే అలవాటు ఉంది, దుకాణంలో పెరిగినవాణ్ణి.

గ్రంథాలయం వాళ్లు ఫోన్ చేసి, "యానిమే, అదే జపాన్ కార్టూన్ కథల గురించి మాట్లాడతారట కదా, పిల్లలూ పెద్దలూ కలిసి వినేలా ఓ గంట చెప్పండి" అంటే, మీరు ఎవర్నో అనుకుని నాకు చేశారేమో అన్నాను. నేను ముప్పై ఏళ్లు చిట్టా, ఆవర్జా రాసి కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి. యానిమేకీ నాకూ చుట్టరికం మా అమ్మాయి కలిపింది. తను ఇంజనీరింగ్‌లో ఉండగా ఓ రోజు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, నాణెంలో వెండి తగ్గిస్తే ఏమవుతుందో ఇందులో చెబుతున్నారు. నిజమేనా, చూసి చెప్పు" అంది. కార్టూన్‌లో నాణెం ఏమిటి అని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి రెండింటికి మా ఆవిడ వచ్చి కరెంటు తీసేస్తానంటే గానీ లేవలేదు.

ఆ కథ పేరు ‘స్పైస్ అండ్ వోల్ఫ్’. జపాన్ పేరు ‘ఓకామి టు కోషిన్‌ర్యో’. తోడేలు, సుగంధ ద్రవ్యం అని అర్థం. రాసినాయన ఇసునా హసెకురా. భౌతికశాస్త్రం చదువుకున్న కుర్రాడు. మొదటి పుస్తకం 2006లో వచ్చింది, అప్పటికి ఆయనకి 23 ఏళ్లు. 2011కల్లా పదిహేడు సంపుటాలతో అసలు కథ ముగించాడు. యానిమే 2008లో ఒక విడత, 2009లో ఇంకో విడత వచ్చింది. మళ్లీ 2024లో మొదటి నుంచీ కొత్తగా తీశారు, పాతిక ఎపిసోడ్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రెండు ముఖ్య పాత్రలకీ పాత గొంతులే, జున్ ఫుకుయామా, అమి కోషిమిజు. నాకు అది పెద్ద సంతోషం. గొంతు మారిస్తే నేను చూసేవాణ్ణి కాదు.

కథ చెబుతాను. యూరప్ మధ్యయుగంలా ఉండే ఒక కల్పిత లోకం. క్రాఫ్ట్ లారెన్స్ అని పాతికేళ్ల వర్తకుడు. పద్దెనిమిదో ఏట సొంతంగా వ్యాపారం మొదలుపెట్టి ఏడేళ్లుగా బండి మీద ఊరూరా తిరుగుతుంటాడు. ఇక్కడ ఉప్పు కొని అక్కడ అమ్మడం, అక్కడ తోళ్లు కొని ఇంకోచోట అమ్మడం. ఏదో ఒక రోజు ఓ పట్నంలో సొంత కొట్టు పెట్టుకోవాలి, అదొక్కటే వాడి కోరిక. ఒంటరితనం ఎంత ముదిరిందంటే, ఈ మధ్య గుర్రంతో మాట్లాడటం ఎక్కువైందని వాడికే అనుమానం. ఒక రాత్రి పాస్లోయె అనే పల్లె దాటి వస్తుంటే బండిలో గోధుమల పక్కన ఒక యువతి నిద్రపోతూ కనిపిస్తుంది. తోడేలు చెవులు, తోక. పేరు హోలో. తాను ఆ ఊరి పంటను వందల ఏళ్లు కాచిన తోడేలు దేవతనని, ఉత్తరాన యోయిట్సు అనే తన ఊరికి తీసుకెళ్లమని అడుగుతుంది. అంతే. కత్తియుద్ధం చేసే వీరుడు లేడు, లోకాన్ని కాపాడే బాధ్యత ఎవరికీ లేదు. ఇద్దరు మనుషులు... ఒక మనిషి, ఒక తోడేలు, బండి మీద కూర్చుని మాట్లాడుకుంటూ వెళ్తుంటారు. ఊరొచ్చినప్పుడల్లా ఒక బేరం.

కుర్రాళ్లు కొందరు ఇది ‘ఎకనామిక్స్ యానిమే’ అంటారు. ఆ మాటతో నాకు పేచీ లేదు గానీ, నేను లెక్కలవాణ్ణి కాబట్టి నాకు ఇది వేరేగా కనపడింది. ఇది బేరం కథ కాదు, బాకీ కథ. మొదటి ఎపిసోడ్ నుంచీ ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో గమనించుకుంటూ చూడండి, కథ మొత్తం ఇంకోలా కనపడుతుంది. నేను చెప్పాలనుకున్నది అదొక్కటే, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ముందు దేవతగారి బాకీ చూద్దాం. హోలో ఆ పల్లెలో ఎందుకుంది? ఎప్పుడో పాతకాలంలో ఒక పల్లెవాడు పంట చూడమని అడిగాడు, సరే అంది. మాట ఇచ్చింది. ఇక ఆ మాట కోసం తరాల తరబడి ఉండిపోయింది. ఇక్కడ రచయిత ఒక మంచి పని చేశాడు. నేల అలిసిపోకుండా అప్పుడప్పుడూ పంట తగ్గించేది హోలో. రైతులకి తెలుసు కదా, ఏటా పిండుకుంటే నేల చచ్చిపోతుంది, ఒక ఏడు బీడు పెట్టాలి. కానీ ఆ ఊరివాళ్లకి అది దేవత చిరాకులా కనపడింది. ఈలోగా కొత్త సేద్యం పద్ధతులు వచ్చాయి, దేవతతో పని లేకుండా పోయింది. ఒప్పందంలో ఒకవైపు వాళ్లు ఒప్పందమే మర్చిపోయారు, రెండోవైపు ఆవిడ ఒక్కతే దాన్ని మోస్తూ కూర్చుంది. కాలం చెల్లిన ప్రోనోటు చేతిలో పెట్టుకుని తిరిగే ముసలాయన్ని చూశారా ఎప్పుడైనా? నేను చూశాను. హోలో ముఖంలో అదే కనపడింది నాకు.

ఆ ఊళ్లో కోతల పండగ ఉంటుంది, చివరి పన కోసినవాడు తోడేలును పట్టుకున్నాడని అంటారు. ఇది రచయిత గాలిలోంచి తెచ్చింది కాదు. జర్మనీ పల్లెల్లో చేలు గాలికి అలల్లా కదిలితే ‘తోడేలు చేలో పరిగెత్తుతోంది’ అనేవాళ్లు. చివరి పనలో తోడేలు దాక్కుని ఉందని నమ్మేవాళ్లు. విల్‌హెల్మ్ మాన్‌హార్ట్ అనే పండితుడు 19వ శతాబ్దంలో ఆ నమ్మకాలన్నీ పోగుచేసి పెట్టాడు. అక్కడి చేను, అక్కడి భయం, దాని మీద జపాన్ దేవత ఒకతె కూర్చుంది. ఆవిడ మాట్లాడే జపనీస్ కూడా అలాగే ఉంటుంది. ‘నేను’ అనడానికి ‘వాచ్చి’ అంటుంది, జపాన్ చరిత్రలో ‘ఎదో’ అని పిలిచే కాలం నాటి వేశ్యావాటికల్లో వినిపించిన పలుకుబడి అది. తెలుగులో ఎవరైనా డబ్బింగ్ చెబితే దయచేసి గ్రాంథికం పెట్టకండి. మా గోదావరి వైపు ఒక మేనత్త ఉండేది, వెటకారమూ ప్రేమా ఒకే వాక్యంలో వడ్డించేది. ఆ గొంతు పెట్టండి. (నవ్వులు)

సరే, నాణెం దగ్గరికి వద్దాం. మా అమ్మాయి అడిగిన ప్రశ్న.

దారిలో జెరెన్ అనే కుర్ర వర్తకుడు లారెన్స్‌కి ఒక రహస్యం చెబుతాడు. ఫలానా వెండి నాణెంలో త్వరలో వెండి పెంచబోతున్నారు, ఇప్పుడే పోగుచేసుకుంటే లాభం, అందులో నాకు కొంత వాటా ఇవ్వు అని. హోలోకి మనిషి అబద్ధమాడితే చెవికి తెలిసిపోతుంది. "వాడు అబద్ధం చెబుతున్నాడు" అంటుంది. మామూలు కథయితే అక్కడితో ఆగిపోతుంది, మోసగాడు దొరికాడు, వెళ్లిపోదాం అని. లారెన్స్ అక్కడ ఆగడు. వాడు ఎందుకు అబద్ధం చెబుతున్నాడు, దానివల్ల ఎవడికి లాభం అని మొదలుపెడతాడు. అకౌంటెంట్ల ప్రశ్న అది. నేను కుర్చీలో ముందుకు జరిగింది అక్కడే.

తర్వాత వాళ్లు ఆ నాణేలు, ట్రెన్నీ వెండి నాణేలు, వేర్వేరు కాలాల్లో ముద్రించినవి తెచ్చి మోగించి చూస్తారు. పాజియో ఊళ్లో షరాబు ఉంటాడు, అంటే నాణేలు మార్చేవాడు. మనకి కూడా ఆ పేరు ఇంటిపేరుగా మిగిలింది కదా. అరచేతిలో నాణేలు ఆడించి చెప్పే పనివాడు. కానీ ఆ తేడా అంత సన్నంగా ఉంటే అతనికీ అందదు. హోలో చెవికి అందుతుంది. కొత్త నాణెం మోత కాస్త మొద్దుగా ఉంది. అంటే వెండి పెరగలేదు, తగ్గుతోంది.

ఇప్పుడు తగ్గుతుంటే ఎవడికి లాభం? పిల్లలూ, చిన్న లెక్క చెబుతాను, నా సొంత అంకెలు. రాజు దగ్గర నూరు నాణేలున్నాయి, ఒక్కోదాంట్లో పది గ్రాముల వెండి. మొత్తం వెయ్యి గ్రాములు. వాటిని కరిగించి, కొంచెం రాగి కలిపి, నాణేనికి ఎనిమిది గ్రాముల వెండి చొప్పున పోస్తే నూట పాతిక నాణేలొస్తాయి. బొమ్మ అదే, పేరు అదే. పాతిక నాణేలు గాల్లోంచి ఊడిపడ్డాయి. ఖజానా ఖాళీ అయిన రాజుకి ఇంతకంటే సులువైన దారి లేదు. కానీ దీనికి పాత నాణేలు కావాలి కదా? అవి జనం దగ్గర ఉన్నాయి. జనం దగ్గరున్న పాత నాణేలన్నీ గుట్టుగా ఒకచోటికి చేర్చి, "ఇవిగో తమకి కావాల్సినవి, మాకు ఏమిస్తారు?" అని రాజు దగ్గరికి వెళ్లేవాడు ఎవడైతే ఉన్నాడో వాడిదే అసలు వ్యాపారం. ఆ వెళ్లినవాడు నాణెం మీద లాభం అడగడు. సుంకం మినహాయింపో, ఇంకేదో హక్కో అడుగుతాడు. అది ఏళ్ల తరబడి కాసే చెట్టు. కథలో మెడియో కంపెనీ వేసిన ఎత్తు ఇదే. జెరెన్ లాంటివాళ్ల చేత పుకారు పుట్టించి, చిన్న వర్తకుల చేత నాణేలు కొనిపించడం. లారెన్స్ ఈ గుట్టు పట్టుకుని దాని పోటీ కంపెనీ మిలోనెకి చెబుతాడు. ఇక తర్వాత తరుముళ్లు, సొరంగాలు, హోలో నిజరూపం... అవన్నీ చూసుకోండి. నాకు ఆ తరుముళ్ల కంటే షరాబు బల్ల దగ్గర సీనే ఇష్టం.

మా అమ్మాయికి చెప్పాను, నిజమే అని. కల్పన కూడా కాదు, చరిత్ర. ఇంగ్లండులో 8వ హెన్రీ 1544 నుంచి ఇదే పని చేశాడు. నూటికి 92న్నర వంతులు వెండి ఉండాల్సిన నాణెం కొన్నేళ్లకే మూడో వంతుకి వచ్చేసింది. పైన పల్చగా వెండి, లోపల రాగి. నాణెం మీద రాజుగారి ముఖం ఎదురుగా ఉంటుంది, అరిగేటప్పుడు ముందు అరిగేది ముక్కు. వెండి పోయి ముక్కు ఎర్రగా బయటపడేది. జనం ఆయనకి ‘రాగిముక్కు’ అని పేరు పెట్టారు. మంచి నాణేలు జనం దాచుకుంటారు, చెడ్డవే బజార్లో తిరుగుతాయి. ఈ సూత్రాన్ని గ్రెషామ్ పేరుతో మీరు ఇంటర్ కామర్స్‌లో చదివుంటారు. చదివినప్పుడు నాకు నిద్ర వచ్చింది, ఒప్పుకుంటాను. తోడేలు చెవి పెట్టి విన్నప్పుడు అర్థమైంది.

ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను, క్షమించాలి. ఈ కథలో మిరియాలు చాలా ఖరీదైన వస్తువు. మిరియాలు ఎక్కడివి? మన వైపువి. లారెన్స్ లాంటివాళ్లు ఉత్తరాన చలిలో వణుకుతూ తిరిగిన కాలానికి దగ్గరగానే, 1244-45 ప్రాంతంలో, కాకతి గణపతిదేవుడు మన బాపట్ల జిల్లా మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. అభయశాసనం. గాలివాన కొట్టి ఒడ్డుకొచ్చిన ఓడల్లోని సరుకంతా ఇదివరకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. మేము అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని ఆయన అందులో రాయించాడు. ఆ సుంకం పేరు కూపశుల్కం. చందనానికి ఎంత, కర్పూరానికి ఎంత, మిరియాలకి ఎంత అని జాబితా కూడా ఉంది. ధనం ప్రాణం కంటే గొప్పదనుకుని సముద్రం మీద సాహసం చేసే వర్తకుల మీద దయతో ఈ మాట ఇస్తున్నాం అన్న భావం ఉంటుంది అందులో. లారెన్స్‌కి ఆ శాసనం చదివి వినిపిస్తే కళ్లు తడి చేసుకునేవాడనిపిస్తుంది. వాడి లోకంలో ఏ ఊళ్లోకి వెళ్లాలన్నా గేటు దగ్గర సుంకం ఎంత పడుతుందో అనే గుబులే.

ఇక మిరియాలతోనే మొదలయ్యే కథకి వస్తాను. నా లెక్కలో ఈ సిరీస్‌కి గుండెకాయ ఇది.

పోరోసన్ అనే ఊళ్లో లారెన్స్ మిరియాలు అమ్మడానికి వెళ్తాడు. దుకాణదారుడు బల్ల మీద కాటా పెట్టి తూస్తాడు. ముల్లు సరిగ్గానే ఉంది. హోలో కళ్లు తిరుగుతున్నాయని వంక పెట్టి నీళ్లు అడిగి బల్ల మీద ఒలకబోస్తుంది. నీళ్లు ఒక పక్కకే పారతాయి. బల్ల వాలుగా ఉంది! తూకం మోసం. గుంటూరు మిరపకాయల్లో నీళ్లు చల్లి బరువు పెంచే విద్య తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ సీన్ చాలా నచ్చుతుంది. (నవ్వులు) లేదు లేదు, ఎవర్నీ అనడం లేదు.

దొరికిపోయిన దుకాణదారుడి మెడ మీద లారెన్స్ కత్తి పెడతాడు, మాటలతోనే. గుట్టు బయటపెట్టకుండా ఉండాలంటే తన మిరియాల విలువకి రెట్టింపు సరుకు అరువు మీద ఇవ్వమంటాడు. ఆయన ఆయుధాలు, కవచాలు ఇస్తాడు. రూవిన్‌హైగెన్ అనే చర్చి పట్నానికి తీసుకెళ్లి అమ్మితే, ఏటా ఉత్తరాదివాళ్ల మీదకి జరిగే దండయాత్రకి ఎగబడి కొంటారు. లాభం రెండింతలు. లారెన్స్ చాలా సంతోషంగా ఉంటాడు ఆ పూట. దారంతా హోలోతో గొప్పలు.

పట్నం చేరేసరికి ఆ ఏడు దండయాత్ర రద్దయిందని తెలుస్తుంది. కవచాల ధర పాతాళానికి పడింది.

దీన్ని కూడా లెక్కలో పెడతాను. మీ దగ్గర నూరు రూపాయలుంది, ఇంకో నూరు అరువు తెచ్చి రెండొందల సరుకు కొన్నారు. ధర పాతిక శాతం పెరిగితే మీ నూటికి యాభై లాభం. మురిసిపోతాం. అదే ధర సగానికి పడితే, సరుకు విలువ నూరు, అప్పు నూరు, మీ నూరూ మాయం. ఇంకా పడితే? అక్కడ నుంచి మీరు సున్నా కాదు, సున్నా కింద. షేర్ మార్కెట్లో మార్జిన్ అంటారు దీన్ని, ఇప్పుడు మీ ఫోన్లలో ఒక్క వేలి దూరంలో ఉంది. 2006లో రాసిన తోడేలు కథలో ఇది ఉంది.

చూడండి, హోలో చెవి ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదు? ఆవిడ పక్కనే ఉంది. కాటా మోసం పట్టింది. కానీ ధర పడటం ఏ మనిషి గొంతులోనూ లేదు, ఎలా వింటుంది? మొదటి కథ అయ్యాక నాకు ఒక అసంతృప్తి ఉండేది, అబద్ధం పసిగట్టే దేవత పక్కన ఉంటే ఏ బేరమైనా గెలవొచ్చు కదా, ఇదేం కథ అని. రచయితకి ఆ అసంతృప్తి ముందే తెలుసు. అందుకే రెండో కథలో వాణ్ణి గెలిచిన రోజే ముంచాడు. ఎదుటివాడి తప్పు దొరికింది కదా అని ఒత్తిడి చేసి తెచ్చుకున్న రెట్టింపు అరువే వాడి మెడకి చుట్టుకుంది. అప్పు పత్రం కూడా చేతులు మారి రూవిన్‌హైగెన్‌లోని రెమెరియో కంపెనీకి చేరింది. తమాషా ఏమిటంటే వాళ్లు కూడా కవచాల్లోనే మునిగారు. అప్పిచ్చినవాడూ మునిగాడు, తీసుకున్నవాడూ మునిగాడు, ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు పట్టుకుని.

గడువు రెండు మూడు రోజులు. లారెన్స్ ఊళ్లో తెలిసినవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కుతాడు. ఎవరూ ఇవ్వరు. ఒకాయన హోలోని చూసి, ఆడమనిషిని వెంటేసుకుని అప్పుకొస్తావా అన్నట్టు కసురుతాడు. బయటికొచ్చాక హోలో చెయ్యి చాపితే లారెన్స్ ఆ చేతిని తోసేస్తాడు. ఒక్క సెకను. అంతే, ఆ ముఖం.

నేను ఆ ఎపిసోడ్ మళ్లీ చూడలేను. ఎందుకంటే చెబుతాను. మా నాన్నది చిన్న కిరాణా కొట్టు. ఒక ఏడు చిల్లర సరుకు అరువు తెచ్చి, అమ్ముడుపోక, పెద్ద కొట్టు ఆయన దగ్గరికి గడువు అడగడానికి వెళ్లాడు. నన్ను వెంట తీసుకెళ్లాడు, ఏడెనిమిదేళ్లు నాకు. పిల్లాణ్ణి చూసి కరుగుతాడని కాబోలు. ఆయన కరగలేదు. తిరిగొచ్చేటప్పుడు నాన్న నా చెయ్యి వదిలేసి ముందు నడిచాడు. కోపం నా మీద కాదని అప్పుడు తెలియదు నాకు. ఇంటికొచ్చాక పప్పుచెక్క చేతిలో పెట్టాడు, ఏమీ అనలేదు.

లారెన్స్ మాత్రం నోరు విప్పి క్షమించమంటాడు. ఆ కథలో గండం గట్టెక్కడానికి వాళ్లు బంగారం దొంగతనంగా పట్నంలోకి తెస్తారు. అక్కడ బంగారం మీద చర్చి పెత్తనం, దొరికితే ప్రాణాలకే ముప్పు. నోరా అని ఒక గొర్రెలకాపరి అమ్మాయి ఉంటుంది, గొర్రెల చేత బంగారం మింగించి గేటు దాటించడం పథకం. తోడేలూ, గొర్రెలకాపరీ ఒకే గుంపులో నడవటం! వాళ్లిద్దరి మధ్య చిటపటలు బాగుంటాయి. పథకం నడుమ ద్రోహాలు కూడా జరుగుతాయి, అది చెబితే మజా పోతుంది.

మా నాన్న సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. ఆయనకి ఒక అలవాటు ఉండేది. నెలాఖరుకి ఎవరైనా ఖాతా మొత్తం కట్టేయడానికి వస్తే, ఒక రూపాయో రెండు రూపాయలో ఉంచేసేవాడు. "చిల్లర లేదులే, ఉండనీ" అనేవాడు. గల్లాపెట్టె నిండా చిల్లర ఉండేది. నేను లెక్కలు నేర్చుకున్న కొత్తలో ఇది పద్ధతి కాదని వాదించాను. "పద్దు కొట్టేస్తే ఆ మనిషి మన వీధిలోంచి కాకుండా అవతలి వీధిలోంచి వెళ్తాడురా" అన్నాడు. నాకు అప్పుడు నచ్చలేదు. మొదటి కథ చివర లారెన్స్ ఏం చేస్తాడో చూసిన రాత్రి గుర్తొచ్చింది. హోలో నిజరూపం చూసి లారెన్స్ ఒక క్షణం భయపడతాడు, అది ఆవిడ చూస్తుంది. వెళ్లిపోవాలని తిరుగుతుంది. వాడికి ఆపడానికి మాట దొరకదు. ఏ సినిమాలోనైనా ఇక్కడ ప్రేమ డైలాగు పడాలి. వాడేమంటాడంటే, నువ్వు చింపిన బట్టల డబ్బు బాకీ ఉన్నావు, ఉత్తరాదికి వెళ్లినా వచ్చి వసూలు చేసుకుంటానని! దెబ్బలు తిని, నేల మీద పడి, బాకీ అడుగుతాడు. తర్వాత మిలోనె కంపెనీ వాళ్లు లాభం వాటా లెక్క కడుతుంటే ఒక బిల్లు వస్తుంది. ఎవరో ఖరీదైన బట్టలు, ఒక దువ్వెన, బోలెడన్ని ఆపిల్స్ లారెన్స్ పద్దులో కొన్నారు. ఇంకెవరు. మిగిలినదానికి మిరియాలు ఇస్తారు. బాకీ తీర్చలేదు ఆవిడ, పెంచింది. వెళ్లే ఉద్దేశం లేదని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తెలియదు.

అందుకే కుమెర్సన్ కథ నాకు రెండోసారి చూసినప్పుడు బాగా ఎక్కింది. అక్కడ అమాతి అని చేపల వ్యాపారి, కుర్రాడు, హోలో మీద మనసు పడతాడు. ఆవిడ లారెన్స్‌కి బాకీ ఉంది కాబట్టి కట్టుబడి తిరుగుతోందని అనుకుంటాడు. వెయ్యి ట్రెన్నీ వెండి నాణేలు కట్టి ఆ బాకీ తీర్చేసి, తర్వాత పెళ్లి అడుగుతానని అందరి ముందూ ప్రకటిస్తాడు. పాపం, మంచి ఉద్దేశమే. కానీ వాడికి బాకీ అంటే సంకెల అని మాత్రమే తెలుసు.

ఆ డబ్బు కోసం అమాతి అయస్కాంతం కాదు... ఏమంటారు, మాక్షికం, బంగారంలా మెరిసే రాయి, ఇంగ్లీషువాళ్లు ‘పిచ్చివాళ్ల బంగారం’ అంటారే, దాని వ్యాపారంలో దిగుతాడు. ఊళ్లో పండగ, ఆ రాయికి మహిమ ఉందని పుకారు, ధర గంటగంటకీ పెరుగుతుంటుంది. లారెన్స్ వాడి దగ్గరికి వెళ్లి ఒక ఒప్పందం చేస్తాడు. ఇప్పటి ధరకి ఇంత రాయి నీకు అమ్ముతాను, డబ్బు ఇప్పుడే ఇవ్వు, సరుకు రేపు ఇస్తాను అని. లారెన్స్ చేతిలో రాయి లేదు. రేపు ధర పడితే చవగ్గా కొని ఇచ్చేయొచ్చు. పెరిగితే వాడు చచ్చాడు. లేని సరుకు అమ్మడం. షార్ట్ సెల్లింగ్ అంటారు. మన నిజామాబాద్ పసుపు మీద ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టే బేరాలు నడుస్తాయని తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు, అక్కడ కూడా బస్తా కంటికి కనపడకుండానే నాలుగుసార్లు చేతులు మారుతుంది. ఇక పండగ సాయంత్రం ధర విరిగే సీను ఉంది చూడండి, అరుపులు, చేతులు, ధర పలక మీద అంకెలు... ఏ యుద్ధం సీనులోనూ నాకు గుండె అంత కొట్టుకోలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొన్నిచోట్ల ఎత్తుకి పైఎత్తు ఎంత చుడతాడంటే, నేను కాగితం పెన్సిలు తీసుకోవాల్సి వచ్చింది, అయినా రెండుచోట్ల నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. పరాయి ఊళ్లో ముక్కూమొహం తెలియనివాళ్లు లారెన్స్‌కి తమ లోగుట్టు ఇట్టే చెప్పేస్తారు, నిజమైన బజార్లో అలా జరగదు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకునే జాతి మనది, పక్కవాడికి కూడా తెలియనివ్వం. 2024 దాంట్లో బొమ్మలు నునుపుగా ఉన్నాయి గానీ పాతదాంట్లో ఉన్న ఆ మట్టిరంగు, ఆ చలి నాకు ఎక్కువ ఇష్టం. మా అమ్మాయి ఒప్పుకోదు.

సరే, ఎవరైనా అడగాలంటే అడగండి. అమ్మా, చెప్పండి.

(ప్రేక్షకుల నుంచి ఒకరు: చివరికి ఆవిడ సొంతూరు చేరుతుందా అండీ?)

చెప్పను. మూడో కథ దాకా చూడండి, అసలు ఆ ఊరి సంగతేమిటో లారెన్స్ ఆవిడ దగ్గర ఏం దాచాడో తెలుస్తుంది. దాచడం కూడా ఒక బాకీయే కదా, వడ్డీతో సహా పడుతుంది వాడి నెత్తిన. ఆ బాబు ఏదో అడుగుతున్నాడు.

(ఒక విద్యార్థి: సార్, ఇది చూస్తే ట్రేడింగ్ వస్తుందా?)

రాదు నాయనా. డబ్బు ఎలా పోతుందో మాత్రం బాగా తెలుస్తుంది. ఫోన్ జేబులో పెట్టుకో. (నవ్వులు) ఆఖరి ప్రశ్న, మీరు.

(ఒకరు: మీ అమ్మాయి ఇప్పటికీ చూస్తుందా అండీ?)

ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం తనకి. 2024లో కొత్తది వారం వారం వస్తుంటే తను అక్కడ, నేను ఇక్కడ, ఫోన్ స్పీకర్ మీద పెట్టుకుని ఒకేసారి చూసేవాళ్లం. ఇంగ్లీషు పుస్తకాల సెట్టు కొనుక్కోవడానికి చదువుకునే రోజుల్లో నా దగ్గర డబ్బు తీసుకుంది, నా డైరీలో రాసి ఉంది. మొన్న దసరాకి వచ్చినప్పుడు ఎందుకో గుర్తొచ్చి, "నాన్నా, ఆ పుస్తకాల డబ్బు ఇప్పుడే వేసేస్తా, ఎంత?" అని ఫోన్ తీసింది.

చిల్లర లేదులే, ఉండనీ అన్నాను.

టీ వచ్చిందట.